ఒబోన్ పండుగకు వెళ్తున్నాం: యుకతా, బోన్ ఓదోరి అడుగులు, శాకాహారం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

#1 · చిక్కుడుపాదు
జూలైలో అమెరికాలోని శాన్‌హోసే జపాన్‌టౌన్‌లో జరిగే ఒబోన్ పండుగకు (జపాన్‌వాళ్ళు పోయినవాళ్ళను తలుచుకునే పండుగ) పిల్లలతో సహా పది పన్నెండు మందిమి వెళ్తున్నాం. ఒక మూల నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చెయ్యడం కాదు, గుండ్రంగా ఆడే ఆ నాట్యంలో దిగాలని మా ఉద్దేశం. తెలుసుకోవాల్సినవి ఇవీ:
ఒకటి, యుకతా (జపాన్‌వాళ్ళు వేసవిలో వేసుకునే నూలు దుస్తు) తప్పుల్లేకుండా కట్టుకోవడం ఎలా? వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
రెండు, అడుగులు ముందే నేర్చుకుని వెళ్ళాలా?
మూడు, మాలో నలుగురు గుడ్డు కూడా ముట్టరు. వాళ్ళు ఏం తినాలి?
నాలుగు, బయటివాళ్ళం దిగితే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?

#2 · కమొగావా_గట్టు
నాలుగోదానికి ముందు జవాబు చెబుతాను, తక్కినవన్నీ దాన్ని బట్టే ఉంటాయి. ఎవరూ ఏమీ అనుకోరు. బోన్ ఓదోరిలో, అంటే మీరన్న ఆ గుండ్రంగా ఆడే నాట్యంలో, చూసేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు అనే గీత ఉండదు. పాట మధ్యలో చేరొచ్చు, మధ్యలో బయటికి రావొచ్చు. కాకపోతే అది ఎందుకు ఆడుతున్నారో తెలిసి ఆడితే బాగుంటుంది.

ఒబోన్ అన్న మాట ఉరబోన్ నుంచి వచ్చింది. దానికి మూలంగా సంస్కృత ‘ఉల్లంబన’ను చెప్పడం వాడుక. కథ మనకు తెలిసిన లోకంలోదే. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు (జపాన్‌లో మొకురెన్) దివ్యదృష్టితో చూస్తే చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తూ కనిపించింది. అన్నం పెట్టబోతే అది ఆమె నోటిదాకా వెళ్ళి నిప్పైపోయింది. వర్షావాసం ముగిసే ఏడో నెల పదిహేనో రోజున భిక్షువులందరికీ దానం చెయ్యమన్నాడు బుద్ధుడు. తల్లికి విముక్తి కలిగింది, కొడుకు సంతోషం పట్టలేక గంతులేశాడు. ఆ గంతులే ఈ నాట్యమని చెప్పుకుంటారు.

తేదీల తికమక కూడా ఇక్కడే తేల్చుకోండి. 1873లో జపాన్ కొత్త క్యాలెండర్‌కు మారాక తోక్యో లాంటి చోట్ల జూలై నడుమ, దేశంలో ఎక్కువ చోట్ల ఆగస్టు 13 నుంచి 16 వరకు చేస్తున్నారు. ఒకినావాలో ఇప్పటికీ చాంద్రమానమే. అమెరికాలో ఒక్కో ఊరి ఆలయం జూలై, ఆగస్టు వారాంతాల్లో ఒక్కోటి తీసుకుంటుంది. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే ఆడేవాళ్ళు, డప్పులవాళ్ళు ఊళ్ళు తిరగలేరు కదా.

#3 · రెండో_షిఫ్టు
అంటే మన మహాలయ పక్షమే అన్నమాట. పితృదేవతలు ఇంటికి రావడం, పెట్టింది తిని వెళ్ళడం.

#4 · కమొగావా_గట్టు
జపాన్ పల్లెల్లో అయితే చాలావరకు అంతే. 13న గుమ్మం ముందు నిప్పు వెలిగించి పిలవడం, 16న మళ్ళీ నిప్పుతో సాగనంపడం. ఆగస్టు 16 రాత్రి క్యోతో చుట్టూ కొండల మీద ఐదు పెద్ద మంటలు రాజేసేది ఆ సాగనంపడానికే.

శాన్‌హోసేలో పండుగ చేసేది మాత్రం జోదో షిన్ అనే బౌద్ధ శాఖ ఆలయం. పూర్వీకుల ఆత్మలు తిరిగివస్తాయని, వాటికి అన్నం పెట్టాలని ఆ శాఖ చెప్పదు. వాళ్ళకు ఇది కాంగి-ఎ, అంటే ఆనందపు కూడిక. పోయినవాళ్ళను తలుచుకుని, వాళ్ళ వల్ల మనకు అందినదానికి కృతజ్ఞత చెప్పుకోవడం. అక్కడి పెద్దాయన ఎవరితోనైనా ‘మీ తద్దినం లాంటిదే మాకూ ఉంది’ అనేముందు ఇది గుర్తుంచుకోండి. ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు అది హత్సుబోన్, తొలి ఒబోన్. పక్కన నవ్వుతూ ఆడుతున్నవాళ్ళలో వాళ్ళూ ఉంటారు.

ఇంకొక్క మాట. ఈ శాఖ ఏడుగురు గురువుల్లో మొదటివాడు ఆచార్య నాగార్జునుడు. శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండతో ముడిపడ్డ పేరు. వాళ్ళు పఠించే స్తోత్రంలో ఆయన ‘ర్యూజు’. వింటూ ఉంటే దొరుకుతుంది.

#5 · నాడా_బిగించు
యుకతా సంగతి నాకు వదిలెయ్యండి. చీర కట్టడం వచ్చినవాళ్ళకు సగం వచ్చినట్టే. మిగతా సగంలోనే తప్పులన్నీ.

మొదటి సూత్రం: ఎడమ అంచు పైకి రావాలి. కుడి పక్క ముందు ఒంటికి చుట్టాలి, దాని మీద ఎడమ పక్క. కుడి చెయ్యి మెడ దగ్గర నుంచి లోపలికి సులువుగా దూరితే సరిగ్గా ఉన్నట్టు. ఆడ, మగ తేడా లేదు. తిరగేస్తే అది శవానికి కట్టే కట్టు. ఎడమ పైకి రావాలన్నది 719లో గెన్షో మహారాణి కాలంలో రాజాజ్ఞగా వెలువడింది. అప్పటి నుంచి మారలేదు. మీ పిల్లలు ఫోన్ ముందు కెమెరాతో చూసుకుని ‘తిరగబడింది’ అని విప్పి మళ్ళీ కట్టుకుంటారు, జాగ్రత్త. ఆ కెమెరా అద్దంలాగే కుడిఎడమలు మార్చి చూపిస్తుంది.

ఆడవాళ్ళ కట్టు:
యుకతా పొడవు దాదాపు మనిషి ఎత్తు ఉంటుంది. వేసుకోగానే కింద జీరాడుతుంది, అది లోపం కాదు. వీపు మధ్య కుట్టును వెన్నెముకకు సరిగ్గా పెట్టుకుని, రెండు అంచులూ పట్టుకుని చీలమండ దాకా పైకెత్తండి. ముందుగా ఎడమ పక్కను కుడి తుంటి దాకా తెచ్చి చూసుకుని వెడల్పు ఖాయం చేసుకోండి. మళ్ళీ తెరిచి కుడి పక్కను లోపలికి చుట్టి, దాని కింది మూలను ఓ పది సెంటీమీటర్లు పైకి లాగండి. దాని మీద ఎడమ పక్క, ఆ మూల ఐదు సెంటీమీటర్లు పైకి. అలా చేస్తే కింద సన్నగా దిగుతుంది. మూలలు ఎత్తకపోతే దుప్పటి చుట్టుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు కొషిహిమొ. మన లంగా నాడా అనుకోండి, కాకపోతే పైనుంచి కట్టేది. తుంటి ఎముకకు కాస్త పైన, గట్టిగా. మొత్తం కట్టులో నిజంగా బిగించాల్సింది ఇదొక్కటే. నూటికి తొంభై మంది దీన్ని వదులుగా కట్టి, పైన ఒబిని (నడుముకు చుట్టే వెడల్పు పట్టీని) ఊపిరాడకుండా బిగిస్తారు. పది నిమిషాలు ఆడేసరికి కింద అంచు జారిపోయి కాళ్ళకు అడ్డం పడుతుంది, పైన మాత్రం కడుపు నొప్పి.

తర్వాత చంకల కింద ఉన్న చీలికల్లోంచి (మియాత్సుగుచి) రెండు చేతులూ లోపలికి పెట్టి ముందూ వెనకా మిగిలిన గుడ్డను సర్దండి. నాడా మీద నుంచి మడతగా వేలాడేదే ఒహషొరి. ఒబి కింద నుంచి అది ఐదారు సెంటీమీటర్లు, సమంగా కనబడాలి. మెడ వెనక గుప్పెడంత ఖాళీ ఉండేలా కాలర్ వెనక్కి లాగి, ముందు గొంతు గుంట దగ్గర కలిపి, రొమ్ము కింద రెండో నాడా. దాని మీద దతెజిమె అనే వెడల్పు పట్టీ. ఆ మీద ఒబి.

ఒబికి హన్‌హబ రకం తీసుకోండి, వెడల్పు 15 నుంచి 17 సెంటీమీటర్లు, పొడవు మూడున్నర నాలుగు మీటర్లు. ఒక కొసన 50, 60 సెంటీమీటర్లు నిలువుగా సగానికి మడిచి భుజం మీద వేసుకుని, మిగతాది రెండు చుట్లు చుట్టండి. ఒక్కో చుట్టుకీ లాగి బిగించాలి, చివర్లో ఒకేసారి లాగితే లోపలి చుట్టు వదులుగానే ఉండిపోతుంది. ముందువైపే ముడి వేసి, పొడుగు కొసను రెక్కల్లా మడిచి, మధ్యలో పిండి, భుజం మీది కొసను దాని మీంచి దించి రెండుసార్లు చుట్టి లోపలికి దోపండి. ఆ ముడిని వీపు మీదికి తిప్పేటప్పుడు మీ కుడివైపుగా తిప్పాలి. ఎడమకు తిప్పితే పై అంచును ఎదురు లాగి మెడ దగ్గర కట్టు విడిపోతుంది.

మగవాళ్ళకు ఒహషొరి ఉండదు, మెడ వెనక ఖాళీ ఉండదు, చంక చీలికలూ ఉండవు. అందుకే మగవాళ్ళ యుకతాకు పొడవు ముందే సరిపోవాలి, చీలమండ దగ్గర ఆగాలి. ఒబి పదింబావు వెడల్పు ఉండేది, బొడ్డు కింద నుంచి, వెనక కాస్త ఎత్తుగా. బొజ్జ ఉన్నవాళ్ళ మీద చక్కగా నిలుస్తుంది. ఇంత న్యాయమైన దుస్తు ఇంకోటి లేదు.

#6 · చిక్కుడుపాదు
‘పదింబావు’ అంటే?

#7 · నాడా_బిగించు
పది సెంటీమీటర్ల చిల్లర. ఇంట్లో మాట రాసేశాను, మన్నించాలి.

ఇంకోటి చెప్పడం మరిచాను. హోటల్ గదిలో పెట్టే యుకతా, సన్నపు గుడ్డ బెల్టుతో వచ్చేది, రాత్రి పడుకునేటప్పుడు వేసుకునేది. దానితో పండుగకు వెళ్ళడం లుంగీతో పెళ్ళికి వెళ్ళినట్టు. ఆన్‌లైన్‌లో ‘కిమోనో’ అని అమ్మే మెరిసే పట్టు గౌన్లు కూడా వద్దు. నూలు యుకతా, లేదంటే మీ సొంత నూలు కుర్తా. మామూలు బట్టల్లోనూ చాలామంది ఆడతారు.

#8 · పావుకోళ్ళు
కాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. యుకతాకు గెతా, అంటే చెక్క చెప్పులు. మేజోళ్ళు వద్దు, ఒట్టి కాళ్ళే. మన హవాయి చెప్పు వేసుకున్నట్టు బొటనవేలి సందులోకి పట్టీని పూర్తిగా తోసెయ్యకండి. వేళ్ళ కొసలతో పట్టుకున్నట్టు ఉండాలి, మడమ చెక్క మీంచి ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి రావాలి. అది సైజు తక్కువ కాదు, తీరే అంత. కొత్త గెతా పట్టీని (హనఒ) ముందు రోజు చేత్తో పైకి లాగి వదులు చేసుకోకపోతే అరగంటలో బొబ్బ. రోడ్డు తారు మీద రెండు గంటలు ఆడే పని అయితే పిల్లలకు మామూలు చెప్పులే వెయ్యండి. బ్యాండేజీ పట్టీలు నాలుగు ఎక్కువే పెట్టుకోండి.

#9 · గుండ్రంగా
అడుగులు. ముందే నేర్చుకోవాలా అంటే, నేర్చుకుంటే హాయి. బౌద్ధ ఆలయాల్లో పండుగకు కొన్ని వారాల ముందు నుంచి సాయంత్రాలు అభ్యాసం పెడతారు, ఎవరైనా వెళ్ళొచ్చు. ఏటా కొన్ని పాటలు మారతాయి గానీ తాంకో బుషి, అంటే బొగ్గు గని పాట, ఎక్కడికి వెళ్ళినా ఉంటుంది. అదొక్కటి వస్తే మీరు వలయంలో మనిషే.

మధ్యలో యగురా అనే మంచె, దాని మీద తైకో, అంటే జపాన్ డప్పు. చుట్టూ వలయాలు, శాన్‌హోసేలో వీధిలో ఆడతారు కాబట్టి పొడుగ్గా సాగుతుంది. ఎక్కువ పాటల్లో మధ్యభాగం మీ ఎడమ చేతివైపు ఉంటుంది, గడియారానికి ఎదురు దిక్కు. లోపలి వలయంలో ఆడేవాళ్ళు బాగా వచ్చినవాళ్ళు. కొత్తవాళ్ళు బయటి వలయంలో, చెయ్యి తిరిగిన ఒక పెద్దావిడ వెనక నిలబడాలి. ఆవిడ పాదాలు చూడకండి, చేతులు చూడండి. చేతులు కుదిరితే కాళ్ళు వాటంతటవే వస్తాయి.

తాంకో బుషి ఇలా:
తవ్వడం. రెండు చేతులా పార పట్టినట్టు, కుడి కాలు ముందుకు, కుడిపక్కన రెండుసార్లు తవ్వండి. తర్వాత ఎడమ కాలు, ఎడమపక్కన రెండుసార్లు.
మొయ్యడం. తవ్విన బొగ్గు మూటను కుడి భుజం మీంచి వెనక్కి వేసుకున్నట్టు ఒక అడుగు, ఎడమ భుజం మీంచి ఒక అడుగు.
చూడటం. ఒక అడుగు వెనక్కి వేస్తూ ఒక చెయ్యి నుదుటి మీద ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు, రెండోది వెనక్కి చాచి. చేతులు మార్చి ఇంకో అడుగు వెనక్కి.
తొయ్యడం. రెండు అరచేతులతో బండిని ముందుకు తోస్తూ రెండు అడుగులు.
చేతులు కిందికి తెచ్చి రెండు పక్కలకూ తెరవడం, ఆ పైన చప్పట్లు: చ చ చన్. మళ్ళీ మొదటికి.

ఊరూరికీ చిన్న తేడాలుంటాయి, ముందున్నావిడ ఏం చేస్తే అదే రైటు.

ఎక్కడ తప్పుతుందంటే మొదటి తవ్వులో. కుడి కాలు రెండుసార్లు ముందుకు వస్తుంది కదా, మొదటిసారి ఊరికే తాకించి తియ్యాలి, బరువు మోపేది రెండోసారి. కొత్తవాళ్ళు మొదటిసారే బరువు వేసేస్తారు, దాంతో తర్వాత రావాల్సిన కాలు ఇరుక్కుపోతుంది. అక్కణ్ణుంచి పాట అయ్యేదాకా అందరికంటే ఒక అడుగు వెనకే. అలా జరిగితే తడబడుతూ వెంటపడొద్దు. ఊరికే నడుస్తూ చప్పట్ల దాకా ఆగి, అక్కడ అందుకోండి.

రెండో ప్రమాదం వెనక్కి వేసే అడుగు. అందరూ ఒకేసారి రెండడుగులు వెనక్కి వస్తారు. ముందు మనిషికీ మీకూ చెయ్యి చాచినంత దూరం లేకపోతే గెతా చెక్క మీ కాలి మీద పడుతుంది. ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంటూ ఆడేవాళ్ళే ఎక్కువ గుద్దుకుంటారు. తీసుకోవాలంటే వలయం బయటికి వచ్చేసి తీసుకోండి.

బతుకమ్మ ఆడినవాళ్ళకు వంగడం, చప్పట్లు, గుండ్రంగా తిరగడం అన్నీ ఒంట్లోనే ఉంటాయి. ఒక్కటే తేడా: బతుకమ్మలో ముఖం మధ్యన ఉన్న పూల వైపు తిరుగుతుంది, ఇక్కడ నడిచే దిక్కుకు. మన ఆడవాళ్ళు అలవాటు కొద్దీ మధ్యకు తిరిగిపోయి దారికి అడ్డం నిలబడతారు.

#10 · రెండో_షిఫ్టు
తట్టా పారా! సింగరేణి వాళ్ళకు ఇది నేర్పక్కర్లేదండీ. తవ్వడం, నింపడం, టబ్బు తొయ్యడం, పైకొచ్చాక వెలుతురుకు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం. షిఫ్టు మొత్తం ఉంది ఇందులో.

#11 · గుండ్రంగా
అదే కదా. ఈ పాట పుట్టింది క్యూషూ దీవి, ఫుకువోకా ప్రాంతంలోని గనుల్లో. పాటలో పేరు వచ్చే మీకే గని 1997లో మూతపడింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునేది మాత్రం వెలుతురుకు కాదని, చంద్రుణ్ణి చూడటానికని చెబుతారు. గని పొగగొట్టం ఎంత ఎత్తంటే చంద్రుడికి పొగ పట్టేసి ఉంటుందని పాటలో చమత్కారం. మీ అర్థం పెట్టుకుని ఆడినా చెయ్యి అక్కడికే వెళ్తుంది లెండి.

చేతిలో పట్టుకునే వస్తువులు కొన్ని పాటలకు కావాలి: ఉచివా అనే గుండ్రటి విసనకర్ర, కచికచి అనే చిడతల్లాంటివి, తెనుగుయ్ అనే నూలు తువ్వాలు. తెనుగుయ్ సుమారు 35 సెంటీమీటర్లకు 90. పేరులో తెనుగు ఉందని మురిసిపోకండి, చేతులు తుడుచుకునేదని అర్థం. విసనకర్రను ఆడనప్పుడు వెనక ఒబిలో దోపుకుంటారు, ముందు కాదు.

#12 · దోన్‌దోకో
తైకో గురించి రెండు మాటలు. మంచె మీద ఉండే పెద్దది నగాదో-దైకో. మంచి రకం అయితే జెల్కోవా చెట్టు మొద్దును నిలువునా తొలిచి, రెండు పక్కలా తోలును మేకులతో బిగిస్తారు. మేకులు కొట్టాక శ్రుతి మార్చడానికి లేదు. డప్పును మంట దగ్గర కాచి బిగించే అలవాటున్న మనవాళ్ళు దీన్నీ ఎండలో పెట్టమని సలహా ఇస్తుంటారు. వద్దు. ఎండకు మొద్దు బీటలిస్తుంది, తోలు మేకుల దగ్గర చిరుగుతుంది. శ్రుతి పెంచుకోగలిగింది తాళ్ళతో బిగించే చిన్న షిమె-దైకో.

పిల్లలకు కొట్టే అవకాశం ఇస్తే ఉంగరాలు, గాజులు తీసి ఇవ్వండి, తోలుకు గీత పడుతుంది. కర్రను (బచి) చిటికెన వేలు, ఉంగరం వేలితో పట్టుకోవాలి, బొటనవేలు ఊరికే ఆనించాలి. గుప్పెట బిగిస్తే శబ్దం చచ్చిపోతుంది, అరచెయ్యి కమిలిపోతుంది. తోలు నడిమధ్య కొడితే ‘దోన్’, జంటగా కొడితే ‘దోకో’, అంచు చెక్క మీద ‘కా’. జతులు నోటితో చెప్పి నేర్పే మన పద్ధతే. పిల్లాడు తకిట అన్నవాడైతే ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు.

ఒక అపోహ: పది మంది కలిసి వేదిక మీద వాయించే తైకో బృందం వెయ్యేళ్ళ సంప్రదాయం కాదు. డప్పు పాతది, బృందం కొత్తది. 1951లో నగానో రాష్ట్రంలోని సువాలో ఒగుచి దైహచి అనే జాజ్ డ్రమ్మర్ మొదలుపెట్టాడు. అమెరికాలో 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి తైకో పాఠశాల వచ్చింది.

#13 · చారుగిన్నె
తిండి. ఇది పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మాంసం కనబడకపోతే శాకాహారం అనుకుంటారు. జపాన్ వంటలో చేప కనబడదు, నీళ్ళలో ఉంటుంది. ఆ నీళ్ళ పేరు దాషి. ఎండబెట్టి, పొగబెట్టి, తురిమిన కత్సువొ చేప (కత్సువొబుషి), కొంబు అనే సముద్రపు నాచు కలిపి తీసిన చారు. మనకు చింతపండు పులుసు ఎలాగో వాళ్ళకు అది అలాగ.

ఏది ఎందుకు కాదో:
ఉదోన్, సోబా (పులుసులో వేసిచ్చే నూడుల్స్): పులుసంతా దాషి. పైన కూరగాయలే ఉన్నా లాభం లేదు.
ఇనారి సుషి: తీపిగా ఉండే టోఫు సంచిలో అన్నం. చూస్తే నిక్షేపంలా ఉంటుంది. ఆ సంచిని ఉడికించేది చాలాసార్లు దాషిలో.
ఒకొనొమియాకి: మన అట్టులాంటిది, పిండిలో గుడ్డు, దాషి పొడి, పైన గాలికి ఊగే చేప తురుము. ‘పైది తీసేసి ఇవ్వండి’ అంటే సరిపోదు.
తకొయాకి: గుంత పొంగణంలా ఉంటుంది, లోపల ఆక్టోపస్.
యాకిసోబా (వేయించిన నూడుల్స్): మాంసం లేకుండా చేసినా సాసులో చేప, ఆల్చిప్ప సారం ఉండే రకాలు ఎక్కువ.
జపాన్ కూర అన్నం: కూరముద్దలో పశువుల కొవ్వు వాడటం మామూలు.
తైయాకి, దొరయాకి: లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, బయట పిండిలో గుడ్డు.

మీ నలుగురూ తినగలిగేవి: కాకిగోరి, అంటే మన గోలా ఐసు, ఇంకా సన్నగా తురిమింది. ఉడికించిన ఎదమామె, అంటే పచ్చి సోయా కాయలు. కాల్చిన మొక్కజొన్న, సోయా సాసు పూసింది, కానీ వెన్న రాస్తారేమో, పక్కన కోడి కాలే పెనం మీదే కాలుస్తున్నారేమో చూసుకోండి. దైఫుకు, అంటే జిగురు బియ్యపు పిండిలో ఎర్ర చిక్కుడు ముద్ద. యోకాన్, అంటే చిక్కుడు ముద్దతో చేసే గడ్డ మిఠాయి: ఇది జెలటిన్‌తో కాదు, కాంతెన్ అనే సముద్రపు నాచు జిగురుతో చేస్తారు, కాబట్టి ఫరవాలేదు. మితరషి దాంగో, పుల్లకు గుచ్చిన పిండి ఉండలు, సోయా పంచదార పాకం. కొన్నిచోట్ల ఆ పాకంలోనూ దాషి చుక్క పడుతుంది, అడగండి. ఉప్పు ఒనిగిరి (అన్నం ముద్ద) క్షేమం. ఉమెబొషి ఒనిగిరి అయితే ఆ ఊరగాయ రేగులాంటి పండులో చేప తురుము కలిపే రకం ఒకటుంది.

అడగాల్సిన తీరు ముఖ్యం. ‘ఇది వెజిటేరియనా?’ అంటే అవునంటారు, అబద్ధం చెప్పాలని కాదు, దాషిని ఎవరూ చేప కింద లెక్కవెయ్యరు. ‘ఇందులో దాషి ఉందా, కత్సువొ ఉందా, గుడ్డు ఉందా’ అని ఒక్కోటీ విడివిడిగా అడగండి. దాషి హైత్తె ఇమస్ క? అంతే. పులిహోర, పెరుగన్నం డబ్బాలు కార్లో పెట్టుకుని వెళ్ళడం మరీ మంచిది.

#14 · చిక్కుడుపాదు
ఇనారి గురించి ఇన్నాళ్ళకు తెలిసింది. కార్లో పులిహోర ఖాయం.
ఇంకో ప్రశ్న. కాలిగ్రఫీ చోట పేర్లు రాసిస్తారట. పిల్లల పేర్లు శ్రీనివాస్, పద్మ, వెంకట కృష్ణ. సరిగ్గా వస్తాయా?

#15 · సున్నా_అరసున్నా
వస్తాయి, కాస్త సాగి వస్తాయి. విదేశీ పేర్లు కతకన అనే అక్షరాల్లో రాస్తారు. హల్లు ఒంటరిగా నిలబడదు, ఒక్క సున్నా తప్ప. కాబట్టి ప్రతి పొల్లుకూ ఓ అచ్చు తోడొస్తుంది, మామూలుగా ఉ, త, ద అనే వాటి తర్వాత మాత్రం ఒ. శ్రీనివాస్ ‘షురీనివాసు’, పద్మ ‘పదొమ’, కృష్ణ ‘కురిషున’, వెంకట అచ్చంగా ‘వెంకత’. అజంతభాషవాళ్ళం, మనకు ఎబ్బెట్టుగా ఉండదు. ముళ్ళపూడి ‘బ్రేకు’, ‘బస్సు’ అన్నట్టే ఇదీ అనుకోండి, బస్సు వాళ్ళకూ ‘బసు’యే.

పోయేవి: ల, ళ, ర మూడూ ఒకటే అక్షరం. ట, త తేడా లేదు. ఖ, ఘ లాంటి ఒత్తు పలుకులు లేవు. లక్ష్మి ‘రకుషుమి’ అవుతుంది, ఏడవకండి. సున్నా మాత్రం మన సున్నాలాగే పక్కనున్న అక్షరాన్ని బట్టి పలుకుతుంది, ప బ ముందు మకారంగా, క గ ముందు ఙకారంగా. వాళ్ళ అక్షరాల వరసలో క స త న హ మ య ర వ అని రావడం కూడా సిద్ధం అనే సంస్కృత లిపి చదివిన భిక్షువుల చలవే, మన వర్ణమాల నీడ.

రాయించుకునేటప్పుడు పేరును నెమ్మదిగా రెండుసార్లు పలకండి, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూపించకండి. స్పెల్లింగ్ చూస్తే దీర్ఘం ఎక్కడో తెలియదు. దీర్ఘానికి గీత పెడతారు, అడ్డంగా రాస్తే అడ్డగీత, నిలువుగా రాస్తే అదే నిలువు గీత. పిల్లలు స్వయంగా రాస్తే ఈ ఒక్కచోటే పొరబడతారు.

కంజీలో, అంటే ఒక్కోదానికీ అర్థం ఉండే చైనా అక్షరాల్లో, పేరు కావాలని పట్టుబట్టకండి. శబ్దం కలిసే అక్షరాలు ఏరి అతికించడమే అది, అర్థం ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

సిరా బట్ట మీద పడితే ఇక పోదు. నల్లటి మసి, జిగురు కలిసిన సిరా, సబ్బుకు లొంగదు. యుకతా చేతులు ముందే తెనుగుయ్‌తో వెనక్కి కట్టెయ్యండి.

#16 · కడ్డీ_మిఠాయి
పైన ఒక్క సవరణ. ‘ముళ్ళపూడి బ్రేకు’ ఎందుకొచ్చింది మధ్యలో?

#17 · సున్నా_అరసున్నా
నిజమే, ఎక్కడిదో జోకు ఇక్కడ అతికించాను, ఆయన పేరు తీసేసి చదువుకోండి. చెప్పదలిచింది ఇంతే: ఇంగ్లీషు మాటల చివర ఉకారం తగిలించేది మనమొక్కళ్ళమే కాదు.

#18 · కమొగావా_గట్టు
లోపల హాల్లో ఇకెబానా, అంటే జపాన్ పూల అమరిక, పెడితే చకచకా దాటిపోకండి. ఏం చూడాలో తెలిస్తే అరగంట నిలబెడుతుంది. పూలు ఎన్ని అని చూడకండి, కొమ్మల పొడవులు చూడండి. సోగెత్సు శాఖ (1927లో మొదలైంది) తొలి పాఠంలో లెక్క ఇదీ: పళ్ళెం వెడల్పూ లోతూ కలిపి దానికి ఒకటిన్నర రెట్లు ప్రధాన కొమ్మ, షిన్. అందులో ముప్పాతిక రెండో కొమ్మ, సొఎ. సొఎలో ముప్పాతిక మూడోది, హికఎ. ఉదాహరణకు పళ్ళెం 30, లోతు 6 అయితే షిన్ 54 సెంటీమీటర్లు, సొఎ 40 చిల్లర, హికఎ 30. నిలువు నుంచి వంపు వరసగా 15, 45, 75 డిగ్రీలు.

పిల్లలు చేసి చూసే బల్ల ఉంటే: కాడను నీళ్ళలో ముంచి కొయ్యాలి, లేకపోతే కోసిన చోట గాలి బుడగ దూరి నీరు ఎక్కదు. పూల కాడ అడ్డంగా, చెట్టు కొమ్మ ఏటవాలుగా. ముళ్ళ దిమ్మ (కెంజాన్) మీద ముందు నిటారుగా గుచ్చి, ఆ తర్వాత వంచాలి. వంపుగానే గుచ్చబోతే జారి ముళ్ళు వేళ్ళకు దిగుతాయి.

తేనీటి దగ్గర: ముందు మిఠాయి మొత్తం తినెయ్యాలి, టీతో పాటు కొరుక్కోవడం కాదు. గిన్నె ఎడమ అరచేతిలో, కుడి చేత్తో గడియారం దిక్కుగా రెండు చిన్న తిప్పులు, అప్పుడు తాగడం. గిన్నె ముందువైపు పెదవి పెట్టకూడదని అది. చేదుగా ఉంటుంది, పంచదార అడగకండి. అంతే.

#19 · చిక్కుడుపాదు
అందరికీ దణ్ణాలు. ఆఖరిది. ఆడి చెమట పట్టిన యుకతా ఇంట్లో ఉతకొచ్చా, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలా?

#20 · నాడా_బిగించు
నూలుదైతే ఇంట్లోనే. ఆ రాత్రే, చెమట ఆరి మరక కట్టకముందే. మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో, నీలిమందు రంగు దిగుతుంది. చేతులు లోపలికి మడిచి, పొడవును మూడు నాలుగు మడతలు పెట్టి వల సంచిలో వేసి, మెషీన్‌లో సున్నితమైన సైకిల్ పెట్టండి. నీళ్ళు పిండే టైము నిమిషం లోపు. డ్రయ్యర్‌లో వెయ్యకండి, పొడవు తగ్గితే ఒహషొరికి గుడ్డ మిగలదు. చీపురు కర్రో పైపో రెండు చేతుల్లోంచి దూర్చి నిలువుగా నీడలో ఆరెయ్యండి. కాస్త తడి ఉండగానే కాలర్‌నూ అంచులనూ అరచేతుల మధ్య తట్టి సాగదీస్తే ఇస్త్రీ పని సగం తప్పుతుంది.